‘నొవుస్’ నుంచి ‘నవల’ దాకా: ఒక లాటిన్ విశేషణ రూపావళి – వ్యుత్పత్తి విమర్శ

వ్యాససంగ్రహం:
లాటిన్ భాషలో ‘కొత్త’ అనే అర్థమిచ్చే విశేషణం ‘నొవుస్’. సంస్కృత ‘నవ’ శబ్దంతో దీనికి ఉన్న పోలిక ప్రసిద్ధం. ఈ పోలికను ఆధారం చేసుకొని ‘లాటిన్ పదం సంస్కృతం నుంచి పుట్టింది’ అనే నిర్ణయం, ‘నవల అనే తెలుగు మాట నవ శబ్దభవం’ అనే నిర్ణయం మన సాహిత్య పరిశోధనలో తరచుగా కనిపిస్తాయి. నొవుస్ రూపావళిని, ఆధునిక రొమాన్సు భాషలలో దాని వారసులను పరిశీలించి ఆ రెండు నిర్ణయాలూ ఎంతవరకు నిలుస్తాయో విచారించడం ఈ వ్యాసం ఉద్దేశం. ధ్వనిసామ్యం కంటే రూపావళి, క్రమబద్ధమైన ధ్వని సంవాదం బలమైన సాక్ష్యాలని ఇందులో ప్రతిపాదించడం జరిగింది.

కీలకపదాలు: విశేషణం, రూపావళి, విభక్తి, నిర్వచనం, ధ్వనిసంవాదం, రొమాన్సు భాషలు, నవల.

1. ఉపోద్ఘాతం:
మన విశ్వవిద్యాలయాల సిద్ధాంత వ్యాసాలలో పదవ్యుత్పత్తి చర్చ చాలా సందర్భాలలో ఒకే పద్ధతిలో సాగుతుంది. రెండు భాషల నిఘంటువుల నుంచి రెండు పదాలను తీసుకొని పక్కపక్కన పెడతారు. ధ్వని కలిసి, అర్థం కలిస్తే ఒకటి రెండవదాని నుంచి పుట్టిందని తేలుస్తారు. ఏది ముందు, ఏది వెనుక అన్న ప్రశ్నకు సమాధానం ప్రమాణాల నుంచి కాక అభిమానం నుంచి వస్తుంది. నొవుస్, నవ శబ్దాల జంట ఇటువంటి చర్చలకు ఇష్టమైన ఉదాహరణ.

ఈ పద్ధతి వల్ల లాటిన్‌కు వచ్చే నష్టం ఏమీ లేదు. నష్టం తెలుగుకే. పోలికే జన్యత్వానికి ప్రమాణమైతే, వేల కొద్దీ తత్సమాలున్న తెలుగు కూడా సంస్కృతజన్యమేనని ఒప్పుకోవలసి వస్తుంది. ఆ అభిప్రాయాన్ని కాదనడానికి ఉపయోగపడిన శాస్త్రపద్ధతి, సంస్కృత లాటిన్ భాషల బంధుత్వాన్ని నిరూపించిన పద్ధతి మూలసూత్రాలలో ఒక్కటే. 1786లో విలియం జోన్స్ కలకత్తా ఆసియాటిక్ సొసైటీలో ప్రసంగిస్తూ సంస్కృతం, గ్రీకు, లాటిన్ ఒక ఉమ్మడి మూలం నుంచి వచ్చి ఉండాలని, ఆ మూలం బహుశా ఇప్పుడు లేదని సూచించాడు. 1816లో ఫ్రాంజ్ బాప్ ఈ భాషల క్రియారూపాలను పోల్చి గ్రంథం వెలువరించాడు. అదే 1816లో మద్రాసులో ఎ.డి. క్యాంబెల్ తెలుగు వ్యాకరణానికి చేర్చిన పరిశీలనలో ఫ్రాన్సిస్ వైట్ ఎల్లిస్, తెలుగు సంస్కృతజన్యం కాదని, తమిళ కన్నడాలతో ఒకే కుటుంబానికి చెందినదని ధాతువులను, రూపాలను పోల్చి చూపాడు. ఒక చోట బంధుత్వాన్ని, మరొక చోట స్వతంత్రతను తేల్చిన ఆ పద్ధతిని ఒక చిన్న విశేషణం మీద ప్రయోగించి చూడడం ఇక్కడి ప్రయత్నం.

2. నొవుస్ – రూపావళి:
లాటిన్ విశేషణం సంస్కృత విశేషణం వలెనే విశేష్యాన్ని అనుసరిస్తుంది. విశేష్యానికి ఏ లింగం, ఏ వచనం, ఏ విభక్తి ఉంటాయో విశేషణానికీ అవే ఉంటాయి. లాటిన్‌లో లింగాలు మూడు, వచనాలు రెండు, సంబోధనతో కలిపి విభక్తులు ఆరు. సంస్కృత తృతీయా, పంచమీ, సప్తమీ విభక్తుల పనిని లాటిన్‌లో ఒకే విభక్తి చాలావరకు నిర్వహిస్తుంది. దానిని ఇక్కడ ‘పంచమి’ అని వ్యవహరిద్దాం. హ్రస్వ దీర్ఘ భేదాలున్న ఒకార ఎకారాలు తెలుగు లిపిలో ఉండడం వల్ల ఈ రూపాలను మనం దాదాపు యథాతథంగా రాసుకోగలం.

పుంలింగ ఏకవచనం: ప్రథమ నొవుస్, సంబోధన నొవె, ద్వితీయ నొవుమ్, షష్ఠి నొవీ, చతుర్థి నొవో, పంచమి నొవో.
స్త్రీలింగ ఏకవచనం: ప్రథమ, సంబోధన నొవ, ద్వితీయ నొవమ్, షష్ఠి, చతుర్థి నొవై, పంచమి నొవా.
నపుంసక ఏకవచనం: ప్రథమ, సంబోధన, ద్వితీయ నొవుమ్, మిగిలినవి పుంలింగం వలెనే.
పుంలింగ బహువచనం: ప్రథమ, సంబోధన నొవీ, ద్వితీయ నొవోస్, షష్ఠి నొవోరుమ్, చతుర్థి, పంచమి నొవీస్.
స్త్రీలింగ బహువచనం: ప్రథమ, సంబోధన నొవై, ద్వితీయ నొవాస్, షష్ఠి నొవారుమ్, చతుర్థి, పంచమి నొవీస్.
నపుంసక బహువచనం: ప్రథమ, సంబోధన, ద్వితీయ నొవ, మిగిలినవి పుంలింగం వలెనే.

స్థానాలు 36 ఉన్నా భిన్నరూపాలు 14 మాత్రమే. దీర్ఘాన్ని గుర్తించని సాధారణ లాటిన్ లేఖనంలో అవి 13. ‘నొవీస్’ ఒక్కటే మూడు లింగాలలో ఆరు స్థానాలను నింపుతుంది. సంస్కృతంలో ద్వివచనం, ఎనిమిది విభక్తులు ఉండడం వల్ల నవ శబ్దానికి 72 స్థానాలు ఏర్పడతాయి. రూపాలు ఇలా కలిసిపోవడం లాటిన్‌లోనే మొదలైందన్న విషయాన్ని గుర్తుంచుకోవాలి. తరువాతి భాషలలో జరిగినది ఆ ప్రక్రియకు కొనసాగింపు.

3. నవ – నొవుస్: జన్యజనక సంబంధమా, సోదర సంబంధమా?
నొవుస్, నవః; నొవుమ్, నవమ్; స్త్రీలింగంలో నొవమ్, నవామ్ – ప్రత్యయాలు వరుసగా సరిపోతున్నాయి. నపుంసక బహువచన ‘నొవ’ లౌకిక సంస్కృత ‘నవాని’తో కలవదు కాని, వైదిక భాషలోని ఆకారాంత నపుంసక బహువచనంతో కలుస్తుంది. స్త్రీలింగ షష్ఠీ బహువచనం ‘నొవారుమ్’లోని ‘ఆరుమ్’ సంస్కృత ‘తాసామ్’లోని ‘ఆసామ్’కు సంవాది. అచ్చుల మధ్య సకారం రేఫగా మారడం లాటిన్‌లో నియతంగా జరిగిన మార్పు. ఒక పదం ఎరువుగా పోయినప్పుడు ఇన్ని ప్రత్యయాలను, వాటి అపవాదాలతో సహా, వెంట తీసుకుపోదు. కాబట్టి ఈ రెండు భాషలకు బంధుత్వం ఉందన్నది నిస్సందేహం.

అయితే ఆ బంధుత్వం ఎటువంటిది? దీనికి సమాధానం అచ్చులలో ఉంది. సంస్కృత అకారానికి లాటిన్‌లో మూడు అచ్చులు సమాధానంగా కనిపిస్తాయి. ‘అజతి’కి ‘అగిత్’, ‘దశ’కు ‘దెకెమ్’, ‘అష్టౌ’కు ‘ఒక్తో’. లాటిన్ సంస్కృతం నుంచి పుట్టి ఉంటే ఒకే అకారం ఒకచోట అకారంగా, ఒకచోట ఎకారంగా, మరొకచోట ఒకారంగా ఎందుకు చీలిందో చెప్పే సూత్రం కావాలి. అటువంటి సూత్రం దొరకదు. మూడు అచ్చులు మొదటి నుంచీ ఉండి సంస్కృతంలో ఒక్కటైనాయని భావిస్తే చిక్కు విడిపోతుంది.

దీనికి సంస్కృతంలోనే సాక్ష్యం ఉంది. ‘కృ’ ధాతువు లిట్ రూపం ‘చకార’. ద్విత్వం వచ్చినప్పుడు కకారం చకారంగా మారుతుందని పాణిని విధించాడు. ఎందుకు మారుతుందన్న ప్రశ్న వర్ణనాత్మక వ్యాకరణ పరిధిలోనిది కాదు. తాలవ్యాచ్చుకు ముందున్న కకారం తాలవ్యం కావడం సహజం. అంటే ఆ తొలి అక్షరంలో ఒకప్పుడు ఎకారం ఉండేది. సంస్కృత ‘చ’కు లాటిన్‌లో ‘క్వె’, ‘పఞ్చ’కు ‘క్వీన్క్వె’ ఉండడం ఈ ఊహను బలపరుస్తుంది. ఎకారం తన గుర్తుగా చకారాన్ని మిగిల్చి తాను అకారంలో కలిసిపోయింది. 1870ల నాటి ఈ ‘తాలవ్య నియమం’ సంస్కృత అచ్చుల వ్యవస్థే మూలవ్యవస్థ అన్న తొలినాటి భావనకు ముగింపు పలికింది.

నొవుస్ విషయంలో మూలరూపం ‘నెవొస్’. గ్రీకు ‘నెఒస్’ ఎకారాన్ని నిలుపుకొని వకారాన్ని పోగొట్టుకుంది. ఆ వకారం మైసీనియన్ గ్రీకు ఫలకాలలో ఇంకా కనిపిస్తుంది. లాటిన్‌లో వకారానికి ముందున్న ఎకారం ఒకారమైంది. సంస్కృతంలో రెండు అచ్చులూ అకారాలైనాయి. మూడు భాషలలో ఏ ఒక్కటీ మూలాన్ని పూర్తిగా కాపాడలేదు. కాబట్టి నవ, నొవుస్, నెఒస్ ఒకే తల్లి బిడ్డలు. వాటిలో ఏదీ మరొకదానికి తల్లి కాదు.

ఇంకొక సూక్ష్మాంశం. ఇంగ్లీషు ‘న్యూ’, జర్మన్ ‘నొయ్’ పదాలకు సంస్కృతంలో సరియైన సంవాది ‘నవ’ కాదు, యకారంతో కూడిన ‘నవ్య’. లాటిన్ విశేషణం ‘నవ’ పక్షాన, ఇంగ్లీషు విశేషణం ‘నవ్య’ పక్షాన నిలుస్తాయి. కేవల ధ్వనిసామ్యాన్ని చూసేవారికి ఈ భేదం కనపడదు.

4. ‘కొత్త’, ‘తొమ్మిది’:
సంస్కృతంలో ‘నవ’ అంటే కొత్త. ‘నవన్’ అంటే తొమ్మిది. సమాసంలో రెండూ ‘నవ’ అవుతాయి. ‘నవయుగం’లోని నవ వేరు, ‘నవగ్రహాలు’లోని నవ వేరు. లాటిన్‌లోనూ ‘నొవుస్’ కొత్త, ‘నొవెమ్’ తొమ్మిది. ఫ్రెంచిలో రెండూ ఒకే పలుకుబడిలో ‘నెఫ్’గా స్థిరపడ్డాయి. రుమేనియన్‌లో ‘నొఉఅ’ అనే రూపం కొత్త అనే విశేషణానికి స్త్రీలింగం, తొమ్మిది అనే సంఖ్య, ‘మాకు’ అనే సర్వనామం కూడా.

దీని మీద ‘ఎనిమిదితో పాత లెక్క ముగిసింది, తొమ్మిదితో కొత్త లెక్క మొదలైంది’ అనే వివరణ ఉంది. ‘అష్టౌ’ ద్వివచనంలా కనిపించడం దానికి ఊతం. ఊహగా ఇది రమ్యమైనదే కాని నిరూపితం కాదు. రూపావళి దృష్టితో చూస్తే రెండు పదాలూ స్పష్టంగా విడివిడిగా నిలుస్తాయి. విశేషణం అచ్చుతో ముగిసే ప్రాతిపదిక. లింగ వచన విభక్తులన్నీ దానికి ఉన్నాయి. సంఖ్యావాచకం నకారాంతం, లాటిన్‌లో అది అవ్యయంలా మారకుండా ఉంటుంది. ‘నొవెమ్’ చివరి మకారం ‘సెప్తెమ్’, ‘దెకెమ్’ల సాదృశ్యంతో వచ్చినదే. అసలు నకారం ‘తొమ్మిదవ’ అనే అర్థంలోని ‘నోనుస్’లో మిగిలింది. ఒకే ధ్వని రెండు చరిత్రలను దాచగలదనడానికి ఇంతకంటే మంచి పాఠం ఉండదు.

5. రూపావళి క్షయం – ఆధునిక వారసులు:
జనవ్యవహారంలోని లాటిన్‌లో పదాంత మకారం లోపించింది. హ్రస్వదీర్ఘ భేదం పోయింది. పదాంతంలో ఉకారం, ఒకారం దగ్గరైనాయి. దీనితో నొవుమ్, నొవో ఒకే రూపమైనాయి; నొవ, నొవమ్, నొవా మరొక రూపమైనాయి. విభక్తుల పనిని విభక్త్యర్థకాలైన ఉపపదాలు, పదక్రమం చేపట్టాయి. నపుంసక లింగం చాలావరకు పుంలింగంలో కలిసిపోయింది. కొన్ని నపుంసక బహువచనాలు ఆకారాంతాలు కావడం వల్ల స్త్రీలింగ ఏకవచనాలుగా పొరబడ్డాయి. ఆకులు అనే అర్థమున్న లాటిన్ ‘ఫొలియ’ ఇటాలియన్‌లో ‘ఫొల్య’ అనే స్త్రీలింగ ఏకవచనమై ఒక ఆకును చెబుతున్నది.

ఈ సంక్షోభం తరువాత నొవుస్ వారసులకు సాధారణంగా నాలుగు రూపాలు మిగిలాయి. ఇటాలియన్‌లో న్వొవొ, న్వొవ, న్వొవి, న్వొవె. స్పానిష్‌లో న్వెవొ, న్వెవ, న్వెవొస్, న్వెవస్. ఇటాలియన్ బహువచనం అచ్చుమార్పుతోను, స్పానిష్ బహువచనం సకారంతోను ఏర్పడుతున్నది. స్పానిష్ సకారం ద్వితీయా బహువచనాలైన నొవోస్, నొవాస్ రూపాల శేషం.

మూలంలోని ఒకారం ఈ రెండు భాషలలో చీలడం నియమబద్ధం. ఊనిక పడిన అక్షరంలోనే అది ‘వొ’, ‘వె’గా చీలుతుంది. ఊనిక జరిగితే ఒకారం అలాగే నిలుస్తుంది. అందుకే స్పానిష్‌లో కొత్త ‘న్వెవొ’, కొత్తదనం ‘నొవెదాద్’. తొమ్మిది ‘న్వెవె’, తొమ్మిది వందలు ‘నొవెసియెంతొస్’. ఫ్రెంచిలో పుంలింగ ‘నెఫ్’కు స్త్రీలింగం ‘నెవ్’. పదాంతానికి చేరిన వకారం శ్వాసమై ఫకారంగా మారింది. స్త్రీలింగంలో వెనుక అచ్చు ఉన్నందువల్ల వకారంగానే మిగిలింది. ఆ అచ్చు తరువాత ఉచ్చారణలో పోయినా తాను ఉన్నానన్న గుర్తును హల్లు మీద వదిలిపోయింది. రుమేనియన్‌లో పుంలింగం ‘నొఉ’, స్త్రీలింగం ‘నొఉఅ’, బహువచనం ‘నొయి’. ఈ భాష ఒక పాత విభక్తి భేదాన్ని కూడా కాపాడుకుంది: స్త్రీలింగ ఏకవచనంలో షష్ఠీ చతుర్థులకు ‘నొయి’ రూపమే వాడతారు. కాబట్టి ‘రొమాన్సు భాషలలో విశేషణానికి విభక్తులు పూర్తిగా నశించాయి’ అన్న సామాన్యీకరణ సరికాదు.

నొవుస్‌కు వ్యతిరేకార్థకమైన ‘వెతుస్’ గతి వేరు. దాని ప్రథమైకవచనం మూడు లింగాలలోనూ ఒకటే. షష్ఠిలో ‘వెతెరిస్’ అని ప్రాతిపదికే మారుతుంది. దాని స్థానాన్ని అల్పార్థక ‘వెతులుస్’ ఆక్రమించింది. ‘ప్రోబుస్ అనుబంధం’ అనే పేరుతో ప్రసిద్ధమైన తప్పొప్పుల పట్టికలో ‘వెక్లుస్’ తప్పని, ‘వెతులుస్’ ఒప్పని ఉంది. పండితుడు కాదన్న ఆ వెక్లుస్ నుంచే ఇటాలియన్ ‘వెక్కియొ’, స్పానిష్ ‘వియెహొ’ వచ్చాయి. పాతను చెప్పే మాటకు కొత్త రూపం కావలసివచ్చింది. కొత్తను చెప్పే మాట పాత రూపంతోనే నిలిచింది. నొవుస్ రూపావళి సరళంగా ఉండడం దాని దీర్ఘాయువుకు ఒక కారణం.

6. నొవెల్లుస్ – నవల:
నొవుస్‌కు అల్పార్థక ప్రత్యయం చేరితే ‘నొవెల్లుస్’. ఫ్రెంచి ‘నువో’, దాని స్త్రీలింగం ‘నువెల్’ దీని వారసులు. ఫ్రెంచిలో నెఫ్, నువో రెండూ ‘కొత్త’ అనే అర్థంలోనివే అయినా అప్పుడే తయారైనది ‘నెఫ్’. మనకు కొత్తగా వచ్చినది ‘నువో’. పాత కారును అమ్మి మరొక వాడిన కారును కొన్నవాడికి అది ‘నువెల్’ అవుతుంది గాని ‘నెవ్’ కాదు. ఇటాలియన్‌లో స్త్రీలింగ ‘నొవెల్ల’ కొత్త సంగతి, ఆపైన చిన్న కథ అనే అర్థాలను పొందింది. 14వ శతాబ్దిలో బొకాచ్చియో రాసిన ‘డెకామెరాన్’ అటువంటి నూరు కథల సంపుటి. ఇటాలియన్ నుంచి ఇంగ్లీషుకు చేరి ‘నావెల్’ అయిన ఈ మాట, ఇంగ్లీషు ద్వారా 19వ శతాబ్దిలో తెలుగువారికి పరిచయమైంది.

కందుకూరి వీరేశలింగం ‘రాజశేఖర చరిత్రము’ 1878లో ‘వివేకవర్ధని’లో వెలువడింది. దానిని ఆయన ‘వచన ప్రబంధం’ అన్నాడు. ‘నవల’ అనే పేరు తరువాత స్థిరపడింది. కొత్త విశేషాలను గ్రహించేది కాబట్టి నవల అని కాశీభట్ట బ్రహ్మయ్యశాస్త్రి పేరుతో ఒక సంస్కృత నిర్వచనం ప్రచారంలో ఉంది. ‘నవ’ శబ్దానికి గ్రహించడమనే అర్థంలోని ‘లా’ ధాతువును చేర్చడం దాని పద్ధతి.

ఈ నిర్వచనాన్ని ఎలా అర్థం చేసుకోవాలి? చరిత్రగా తీసుకుంటే ఇది నిలవదు. నవలలోని లకారం ‘లా’ ధాతువుది కాదు, లాటిన్ అల్పార్థక ప్రత్యయానిది. మాట తెలుగుకు వచ్చిన దారి ఇంగ్లీషు మీదుగా. ఇక ‘ఎలాగూ నవ, నొవుస్ ఒకే మూలానివే కదా, నిర్వచనం నిజమే’ అని సమర్థించడం కూడా పొరపాటే. రెండు నదులు ఒకే కొండలో పుట్టినంత మాత్రాన ఒకదాని నీరు మరొకదానిది కాదు. దూరమూలం ఒక్కటి కావడం యాదృచ్ఛికంగా లభించిన అందం. అది నిర్వచనకర్త చూపిన దారికి ప్రమాణం కాదు.

అయినా ఆ నిర్వచనాన్ని తోసిపుచ్చడం విమర్శకుని పని కాదు. యాస్కుని కాలం నుంచి నిర్వచనం ప్రయోజనం పదానికి అర్థవంతమైన అన్వయాన్ని కల్పించడం. పరదేశి ప్రక్రియను, దాని పేరును మన శబ్దసంప్రదాయంలో కూర్చోబెట్టడానికి ఒక పండితుడు చేసిన ప్రతిపాదనగా దానికి సాహిత్యచరిత్రలో విలువ ఉంది. నవల స్వభావం కొత్తదనమని ఆ తరం గుర్తించిందనడానికి అది సాక్ష్యం. ప్రాచీన కావ్యభాషలో ‘నవలా’ అంటే స్త్రీ అనే అర్థం ఉండగా, ఆ రూపానికి కొత్త అర్థాన్ని అతికించి నిలబెట్టడం చిన్న విషయం కాదు. దోషమల్లా దానిని చారిత్రక వ్యుత్పత్తిగా ఉదాహరిస్తున్న మన అలవాటులో ఉంది.

7. తెలుగులో విశేషణం – ‘కొత్త’, ‘నవ’, ‘నయా’:
విశేష్యాన్ని అనుసరించే విశేషణానికి, అనుసరించని విశేషణానికి ఉన్న భేదం ఊళ్ళ పేర్లలో తేటగా కనిపిస్తుంది. ఇటలీలోని నేపుల్స్ మూలరూపం గ్రీకు ‘నెఆపొలిస్’; పురవాచకం స్త్రీలింగం కాబట్టి విశేషణమూ స్త్రీలింగమే. కెనడాలోని ‘నోవా స్కోషియా’లో ‘నోవా’ లాటిన్ స్త్రీలింగం. మరాఠీ ‘నవీ ముంబయి’లో, హిందీ ‘నయీ దిల్లీ’లో స్త్రీలింగ ఈకారం ఉంది. కొత్తగూడెం, కొత్తపేట, కొత్తవలస – తెలుగులో మాత్రం ‘కొత్త’ కదలదు. ఖగోళశాస్త్రంలోని ‘నోవా’ కూడా ఇటువంటిదే. 1572లో కనిపించిన కొత్త నక్షత్రం గురించి టైకో బ్రాహే 1573లో లాటిన్‌లో గ్రంథం వెలువరించాడు. నక్షత్రవాచకం ‘స్తెల్ల’ స్త్రీలింగం కావడం వల్ల విశేషణం ‘నొవ’ అయింది. ఇప్పుడు విశేష్యం జారిపోయినా స్త్రీలింగం మిగిలి శాస్త్రపదమైంది.

తెలుగు విశేషణానికి రూపభేదం లేదని దీనికి అర్థం కాదు. క్రొందమ్మి, క్రొన్నెల వంటి సమాసాలలో ‘క్రొత్త’ ఆద్యక్షరశేషంగా మారడాన్ని చిన్నయసూరి ప్రాతాది సంధిలో వివరించాడు. అయితే ఆ మార్పు సంధిగతం. విశేష్యపు లింగవచనాలతో దానికి సంబంధం లేదు. లింగవచనాలు తెలుగులో విశేషణం నామమైనప్పుడు వస్తాయి: కొత్తవాడు, కొత్తది, కొత్తవాళ్ళు, కొత్తవి. రోములో వంశంలో మొదటిసారిగా ఉన్నతపదవిని పొందినవానిని ‘నొవుస్’ అనే విశేషణంతో వ్యవహరించేవారు; క్రీ.పూ. 63లో కాన్సల్ అయిన సిసిరో అటువంటివాడు. మన ‘కొత్తవాడు’ అనే మాటకు ఈ ప్రయోగం దగ్గరగా ఉంటుంది.

ఎరువుగా వచ్చిన విశేషణాలను సైతం తెలుగు తన పద్ధతికే మలుచుకుంది. ‘నవ’ శబ్దం సంస్కృత సమాసాల ద్వారా, విభక్తి లోపించిన ప్రాతిపదికగా తెలుగుకు చేరింది. నవవధువు, నవయువకుడు, నవకవులు – ఎక్కడా మార్పు లేదు. 1957లో దశాంశ నాణేలు వచ్చినప్పుడు హిందీలో ఒకటైతే ‘నయా పైసా’, రెండైతే ‘నయే పైసే’ అని నాణేల మీదే ముద్రించారు. తెలుగువాడు రెండైనా ‘నయాపైసలు’ అన్నాడు. ‘నయా’ను హిందీ నాణేల నుంచి తొలగించి దశాబ్దాలైనా ‘నయాపైసా లేదు’ అన్న పలుకుబడి మన నాలుక మీద నిలిచింది. 72 స్థానాల రూపావళి ఉన్న శబ్దం ఒకవైపు, 36 స్థానాల శబ్దం ఒకవైపు; వాటి వారసులు తెలుగులో అడుగుపెట్టగానే ఒకే రూపంలో నిలబడ్డాయి. పదాన్ని అరువు తెచ్చుకున్నా వ్యాకరణాన్ని అరువు తెచ్చుకోలేదనడానికి ఇది నిదర్శనం. ఎల్లిస్ 1816లో చెప్పిన విషయం సారాంశమూ ఇదే.

8. ముగింపు:
పై పరిశీలన నుంచి ఈ అంశాలను ఫలితాలుగా చెప్పవచ్చు.

• నొవుస్, నవ శబ్దాల బంధుత్వానికి ప్రమాణం ధ్వనిసామ్యం కాదు. ప్రత్యయాలతో సహా సంవదించే రూపావళి.
• సంస్కృత అకారానికి లాటిన్‌లో మూడు అచ్చులు ఉండడం, ‘చకార’ వంటి రూపాలలోని తాలవ్యం – ఈ రెండూ కలిసి లాటిన్ సంస్కృతజన్యమన్న వాదాన్ని తోసిపుచ్చుతాయి.
• కొత్త, తొమ్మిది అనే అర్థాలలోని పదాలను రూపావళి వేరు చేస్తుంది. ధ్వని వేరు చేయలేదు.
• రొమాన్సు భాషలలో విశేషణం విభక్తులను చాలావరకు కోల్పోయి లింగవచనాలను నిలుపుకుంది. రుమేనియన్ దీనికి పాక్షికమైన అపవాదం.
• ‘నవల’కు ప్రచారంలో ఉన్న సంస్కృత నిర్వచనం సాహిత్యచరిత్రలో సాక్ష్యం; పదచరిత్రలో సాక్ష్యం కాదు. పరిశోధకులు నిర్వచనాన్ని, చారిత్రక వ్యుత్పత్తిని వేరువేరు శీర్షికల కింద చర్చించడం అవసరం.
• సంస్కృతం, మరాఠీ, హిందీ, లాటిన్ విశేషణాలు విశేష్యాన్ని అనుసరిస్తాయి. తెలుగు విశేషణం అనుసరించదు. ఎరువు విశేషణాలను కూడా ఆ నియమానికే లోబరుస్తుంది.

తెలుగు స్నాతకోత్తర తరగతులలో భాషాశాస్త్ర పాఠం పదాల జాబితాతో మొదలై జాబితాతోనే ముగుస్తున్న చోట్ల, ఒక్క విశేషణపు రూపావళినైనా పూర్తిగా బల్ల మీద రాసి విద్యార్థి చేత పోల్పించడం మేలు. పోలికను చూసి ఆశ్చర్యపడడం పరిశోధనకు ప్రారంభం కాగలదు. పోలిక ఎక్కడ ఆగిపోతుందో, ఎందుకు ఆగిపోతుందో చెప్పగలిగినప్పుడే అది శాస్త్రమవుతుంది.